మడత నలగని కాగితాలు

జబ్బున్నవాళ్ల కాగితాలు నలిగి ఉంటాయి.

ఎయిర్‌పోర్టు చెకింగ్ బల్ల దగ్గర మూడు నెలలుగా పనిచేస్తున్న ఆ అమ్మాయి నమ్మకం అది. మందుచీటీ నాలుగు మడతలు పడి, నూనె మరకతో వస్తుంది. మాత్రలన్నీ ఒకే సీసాలో కలగాపులగంగా ఉంటాయి. డాక్టరు ఉత్తరం ఏదంటే ఇంట్లో మరిచిపోయామంటారు. దొంగ సరుకు తెచ్చేవాడి కాగితాలే పెళ్లికొడుకులా ముస్తాబై వస్తాయి.

ఈ లెక్క మీదే ఆమె ఇప్పటికి ఇద్దరిని పట్టుకుంది. తోటివాళ్లు ఆమెను గద్దకన్ను అంటారు. ఆ పేరు వింటే లోలోపల పొంగిపోతుంది.

ఆ మధ్యాహ్నం వచ్చిన పెద్దాయన కాగితాల మీద ఒక్క ముడత లేదు.

పక్కన చక్రాల కుర్చీలో భార్య, ఆయన చేతిలో చిన్న ఐసుపెట్టె. అడగకముందే ఒక్కొక్కటీ బల్ల మీద పరిచాడు. మందుచీటీ, ఇంజెక్షన్లు ఎందుకో చెప్పే డాక్టరు ఉత్తరం, వెళ్లబోయే దేశపు భాషలో దాని అనువాదం. మాత్రలు కొన్న అట్టల్లోనే ఉన్నాయి. చీటీ మీది పేరుకూ పాస్‌పోర్టు మీది పేరుకూ అక్షరం తేడా లేదు.

"ఇంత పద్ధతిగా ఎవరు సర్దారు?"

"నేనేనమ్మా."

"పక్కకు రండి. పెట్టె తెరవాలి."

"విమానానికి ముప్పావుగంటే ఉందమ్మా" అంది భార్య.

పెద్దాయన మాత్రం తలూపాడు. "తప్పకుండా చూడు. ఒక్కొక్కటి తీసి వెంటనే మూత వేసేయ్. లోపల డిగ్రీలు చూపించే మీటరుంది. ఎనిమిది దాటితే మందు పాడవుతుంది. మూడు నెలల మందు, అక్కడ దొరకదు. ఇది పడకపోతే ఈవిడ వేళ్లు బిగుసుకుపోయి మంచినీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేదు."

ఆమె మూత తీసింది. మీటరు అయిదు చూపిస్తోంది.

ఒక్కో ఇంజెక్షన్ డబ్బా సీలు తడిమి చూసింది. మీద రాసిన పేరును చీటీతో పోల్చింది.

ఆరు.

"ఇంత ఐసు తీసుకెళ్లకూడదు."

"మందు కోసమైతే ఎంతైనా తీసుకెళ్లొచ్చమ్మా."

"రూల్స్ నాకు చెప్పకండి. మీలాంటివాళ్లను రోజూ చూస్తుంటాను."

"సరే తల్లీ."

ఆయనకు కోపం రాలేదు సరికదా, మొహం వెలిగిపోతోంది. ఆమె అనుమానం ఇంకాస్త ముదిరింది. ఆ బల్ల దగ్గర రోజుకు నలుగురైనా "నేనెవరో తెలుసా" అని గుడ్లురుముతారు. చప్పుడు చేయనివాడితోనే చిక్కు అని ఆమెకు తెలుసు.

ఉత్తరం మీదున్న డాక్టరు నంబరుకు ఫోన్ చేసింది. బిజీ. మళ్లీ చేసింది. మళ్లీ బిజీ.

ఏడు.

"ఏమండీ, ఒక్క మాట చెప్పొచ్చు కదా" అంది భార్య మెల్లగా. ఒళ్లో పెట్టుకున్న ఆమె వేళ్లు అప్పటికే వంకర తిరిగి ఉన్నాయి.

"నువ్వూరుకో. ఆ అమ్మాయి పని ఆ అమ్మాయిని చెయ్యనీ."

మూడోసారికి డాక్టరు దొరికాడు. మందుల పేర్లు, మోతాదు, ఎన్ని రోజులకు రాసిచ్చాడో ఒక్కొక్కటే చదివించుకుంది. డాక్టరు చెప్పినదానికీ బల్ల మీద ఉన్నదానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

మీటరు ఏడున్నర చూపిస్తోంది. ఆమె తనే గబగబా డబ్బాలు సర్ది మూత బిగించింది.

"వెళ్లొచ్చు" అంది. క్షమించమనలేదు. "నా పని నేను చేశాను."

"బాగా చేశావు తల్లీ. ఎవరొచ్చినా ఇలాగే చెయ్యి."

"నలభై ఏళ్లలో నా వంటనైనా ఇంతలా మెచ్చుకోలేదు ఈయన" అంది భార్య.

పెద్దాయన నవ్వుతూ ఉత్తరం కాపీ ఒకటి బల్ల మీద ఉంచాడు. "మీ ఫైల్లో పెట్టుకోండి, ఎవరైనా అడిగితే ఉంటుంది." ఐసుపెట్టె భార్య ఒళ్లో పెట్టి, కుర్చీ తోసుకుంటూ గేటు వైపు పరుగులాంటి నడక నడిచాడు.

కాసేపటికి సూపర్‌వైజరు భోజనం ముగించుకుని వచ్చాడు. కాపీ మీద పేరు చదివి అక్కడే ఆగిపోయాడు.

"ఈయన వచ్చారా? ఎక్కడ కూర్చోబెట్టావు?"

"నిలబెట్టాను సార్. ఇరవై రెండు నిమిషాలు."

"పెట్టె తెరిచావా?"

"ప్రతి డబ్బా చూశాను. ఐసు గురించి రూల్ కూడా చెప్పాను."

"తాతకు దగ్గులు నేర్పావన్నమాట."

ఆమె గేటు వైపు తిరిగింది. అద్దంలోంచి చూస్తే ఆ విమానం అప్పటికే కదులుతోంది.

"తిట్టారా?" అన్నాడు సూపర్‌వైజరు.

"లేదు సార్. బాగా చేశావన్నారు."

సూపర్‌వైజరు ఆమెను కొత్తగా చూశాడు. "ఆయన దగ్గర పదేళ్లు పని నేర్చుకున్నాను. ఆ మాట నన్ను ఒక్కసారీ అనలేదు."

ఆమెకు సిగ్గేసింది. సిగ్గుతోపాటే, ఎవరికీ కనిపించకుండా, బోలెడంత గర్వం కలిగింది.

"అయితే ఆయన మన ఆఫీసరేనా సార్? మరి ఇక్కడెవరూ ఆయన పేరైనా ఎత్తరేం?"

సూపర్‌వైజరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అప్పట్లో ఐసు కనిపిస్తే మందైనా సరే చెత్తబుట్టలో వెయ్యమనేవాళ్లు. ఒక రోగి పెట్టెను పారెయ్యనని ఈ బల్ల దగ్గరే మొండికేసి ఉద్యోగం పోగొట్టుకున్నది ఆయనేనమ్మా."