చెట్టుమీద కెమెరా

"మళ్ళీ వెనక్కి తిప్పు బావా," అన్నాను కళ్ళు నులుముకుంటూ.

అటవీ పార్కులో ఎవరో దొంగచాటుగా చెట్లు కొట్టేస్తున్నారు. పోలీసుగా ఆ కేసు నాది. అక్కడి గార్డు మా అక్క మొగుడే. చెట్టుమీద దాచిన కెమెరాలో పడ్డ వీడియోలు ఇద్దరం పొద్దుటినుంచీ చూస్తూనే ఉన్నాం.

"వాడి మొహమే పడలేదు. ఇంకేం చూస్తావు? ఇంటికెళ్ళి పడుకో."

"కెమెరా తీయడం మొదలుపెట్టి ఎర్రలైటు వెలగ్గానే జింక తలెత్తి చూసింది. వాకింగ్‌కొచ్చిన ముసలాయనా చూశాడు. రంపం పట్టుకొచ్చిన వీడొక్కడే, అది వెలిగేసరికే మొహం తిప్పేసుకుని ఉన్నాడు."

బావ టీ గ్లాసు కింద పెట్టాడు. "అయితే?"

"కెమెరా ఎక్కడుందో వాడికి ముందే తెలుసు. అది మనిద్దరికి తప్ప ఎవరికీ తెలీదు."

బావ వీడియో ఆపేశాడు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు లేదు.

"అక్కకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు. "ఆ కెమెరా నాకు చెప్పకుండా కట్టాల్సింది బామ్మర్దీ," అన్నాడు.

"ఎలా కడతాను బావా? కింద నిచ్చెన పట్టుకుంది నువ్వే కదా."