ప్యాచ్‌లాయన

"ఏం చేస్తుంటారండి తమరు?"

"ప్యాచ్‌లు వేస్తుంటానండి."

రావులపాలెంలో సైకిలు సామాన్ల కొట్టు గున్నేశ్వరరావు ఆ మాట వినగానే మేడమీద గది తాళం తీసి ఇచ్చేశాడు. ఆయన కొట్లో ట్యూబులన్నీ ముడేసి లాగితే అంతర్వేది దాకా వెళ్ళి సముద్రంలో తడిసి వస్తాయి. అలాంటి ఇంట్లోకి పంక్చర్లు వేసేవాడు అద్దెకు దిగడమంటే గోదారే నడిచొచ్చి గుమ్మంలో నిలబడ్డట్టు.

వచ్చినాయన పేరు శివరామకృష్ణ. యాభై దాటినవాడు, ఒంటరివాడు. మేడమెట్లు సగం ఎక్కి, గుండెమీద చెయ్యేసుకుని, కాసేపాగి మిగతా సగం ఎక్కేవాడు.

మర్నాడే గున్నేశ్వరరావు ఓ చిల్లు ట్యూబు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో చెప్పబోయి, నవ్వేసి, అరుగు మీద చతికిలబడ్డాడు.

అప్పట్నుంచి సాయంత్రాలు ఆ అరుగు ఆయనదే. పగలంతా గది తలుపేసుకుని ఏం చేసేవాడో ఎవరూ అడగలేదు. ప్యాచ్‌లాయన అతికిన ట్యూబు ఎప్పుడో అరిగిపోయిందనీ, అతుకొక్కటే మిగిలి చక్రాన్ని తిప్పుతోందనీ ఊళ్ళో చెప్పుకున్నారు.

గున్నేశ్వరరావు కూతురు హర్షిత రాజమండ్రిలో ఇంజనీరింగు ముగించుకుని ఇంటికొచ్చింది. ఎప్పుడు చూసినా ల్యాప్‌టాప్ ముందే.

"ఏంటమ్మా అది, ఉద్యోగమా?"

"కాదు నాన్నా. కంప్యూటరు నడవాలంటే అడుగున ఓ పెద్ద ప్రోగ్రాం ఉండాలి. ఇది ఎవరి సొంతమూ కాదు. ఆసుపత్రుల్లో, స్కూళ్ళలో ఊరికే వాడుకుంటారు. ఎక్కడైనా చిల్లు కనిపిస్తే మాలాంటివాళ్ళం ప్యాచ్ రాసి పంపుతాం. అది నిలుస్తుందో లేదో చూసి కలిపే పెద్దాయన ఒకరున్నారు."

"ఎవరాయన?"

"గోదారి అని పేరు పెట్టుకున్నాడు. అసలు పేరేంటో, ఊరేంటో ఎవరికీ తెలీదు. మనవైపు వాడేమో."

"గోదారి పుట్టింది నాసిక్ దగ్గర. ఆయనా అటువాడే అయ్యుంటాడు. అయినా ప్యాచ్ కోసం నాసిక్ దాకా దేనికే? మన మేడమీదాయన్ని అడగరాదూ?"

తండ్రీకూతుళ్ళిద్దరూ పడీపడీ నవ్వారు.

"నిజంగా నాన్నా, నా ప్యాచ్ ఒక్కటి ఆయన కలిపితే చాలు. ఆ పనిలో నాకూ చోటుంటుంది."

"సరే. దీపావళిలోపు ఆయన ఔనంటే నీ ఇష్టం. లేదంటే వచ్చి కొట్లో నా పక్కన కూర్చోవాలి."

"అయితే మేడమీద గది ఇప్పించు. కింద సిగ్నల్ అందట్లేదు."

ఆ సాయంత్రం అరుగు మీద గున్నేశ్వరరావు నసిగాడు.

"ఏమనుకోకండి. మా అమ్మాయికి గది కావాలంటోంది. ఎవరో గోదారాయనకి కంప్యూటర్లో ప్యాచ్‌లు పంపుతుందంట."

గరుకు కాగితంతో ట్యూబు రుద్దుతున్న శివరామకృష్ణ చెయ్యి ఆగింది.

"ఆయన మంచివాడేనా అమ్మా?" అనడిగాడు గుమ్మంలో నిలబడ్డ హర్షితని.

"రాక్షసుడండి. పంపిందల్లా తిప్పికొడతాడు. చిల్లొక్కటే కాదు, చుట్టూ చూడమంటాడు."

"చూశావా మరి?"

"ఇంకా లేదండి."

"చూడమ్మా" అన్నాడు ఆయన, ట్యూబు రుద్దుకుంటూ.

మర్నాడు గది శుభ్రంగా ఊడ్చి, తాళం చేతికిచ్చి, కోరుకొండ వెళ్ళిపోయాడు. అక్కడ తెలిసినవాళ్ళ గది ఏదో ఖాళీగా ఉందట.

హర్షిత మేడెక్కింది. ప్రోగ్రాంలో చిల్లు చుట్టూ చూసింది. నిజంగానే పక్కన ఇంకో చిల్లుంది. రెండింటినీ కలిపి అతికేసరికి దసరా వెళ్ళిపోయింది. గోదారికి పంపింది.

జవాబు లేదు.

దీపావళి వచ్చింది. జవాబు లేదు.

"చదివైనా ఉండడు" అని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, కొట్లోకొచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

ఆ రోజే ఒకావిడ బస్సు దిగి నేరుగా కొట్టు దగ్గరికొచ్చింది.

"హర్షితమ్మంటే ఎవరండి? నన్ను రత్తమ్మంటారు. కోరుకొండ గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయలు అమ్ముతానండి. మీ ప్యాచ్‌లాయన పోయారండి."

గున్నేశ్వరరావు ట్యూబు పక్కన పడేసి లేచాడు.

"అయ్యో. ఎలా పోయారమ్మా?"

"ఆయన గదిలో సిగ్నల్ అందదండి. రోజూ కంప్యూటరు సంచీ భుజానేసుకుని కొండెక్కేవారు. అన్ని మెట్లూ ఎక్కి గుళ్ళోకి మాత్రం వెళ్ళరండి. గోడ పక్కన కూర్చుని టకటకలాడించి దిగొచ్చేవారు. స్వామి చూస్తున్నాడయ్యా అంటే, ఆయన పని ఆయనది, నా పని నాది అనేవారండి. దీపావళి ముందురోజు సగం మెట్ల మీదే కూర్చుండిపోయారు. నీళ్ళు పట్టుకెళ్ళాను. పైదాకా వెళ్ళలేను, రావులపాలెం సైకిలు కొట్లో హర్షితమ్మకి నువ్వే చెప్పు అన్నారండి. అంతే."

"ఏం చెప్పమన్నారు?" అంది హర్షిత.

"మీ అతుకు నిలిచిందని చెప్పమన్నారమ్మా."

గున్నేశ్వరరావు తెల్లమొహం వేశాడు. "అదేంటి? మా అమ్మాయి ఏనాడూ ట్యూబు ముట్టుకోలేదే."

హర్షిత మేడమెట్ల వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ అతుకు నిలిచిందో లేదో చెప్పగలవాడు ఈ భూమ్మీద ఒక్క గోదారే.