రెండు దెబ్బలు, జానెడు దూరం

అన్నయ్య లేకుండా ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఫైబర్ తెరచాప పడవ ఇది.

"తగలబెట్టెయ్యవయ్యా, పీడ వదులుతుంది," అని వదిన పోరుతూనే ఉంది. నాకు చేతులు రాలేదు. చీకటి పడ్డా షెడ్డులో లైటు పెట్టుకుని, పైపూత పగుళ్లు పూడుస్తున్నాను.

పూత కింద డొల్ల ఉందో లేదో తెలియాలంటే, స్క్రూడ్రైవర్ పిడితో రెండు దెబ్బలు కొట్టి, జానెడు జరిగి మళ్ళీ కొట్టాలి. అన్నయ్యే నేర్పాడు.

బయట ఏదైనా తగిలితే గుంట పడుతుంది. ఈ పగుళ్లు మాత్రం లోపలి నుంచి కొట్టినట్టు ఉబ్బి ఉన్నాయి. వాటి మధ్య దూరం సరిగ్గా జానెడు.

ఆఖరిది పూడ్చి, "అయిపోయింది అన్నయ్యా," అన్నాను, అలవాటు కొద్దీ.

లోపల రెండు దెబ్బలు వినిపించాయి. జానెడు ఇవతల, మళ్ళీ రెండు. అలా తాళం వేసి ఉన్న క్యాబిన్ తలుపు దాకా వచ్చి ఆగాయి.

తాళంచెవి నా జేబులో ఉంది.