ఎడమవైపు నాబ్

మ్యూజియం గదిలో ఒకే రకం పాత రేడియోలు వరుసగా పెట్టారు. అవి ఏ కంపెనీవో, ఏ కాలానివో అధికారి తేల్చాడు. ఏది ఎవరింటిదో మాత్రం తేల్చలేకపోయాడు. ఎప్పుడో పాతసామాన్లవాడికి ఇచ్చేసిన మా రేడియో కూడా వాటిలో ఉందని వాడి ద్వారా తెలిసిన దగ్గర్నుంచి అక్కకు నిద్ర లేదు. ఎలాగైనా గుర్తుపట్టాలని నన్ను వెంటబెట్టుకుని వచ్చింది.

అక్క డయలు చూడలేదు, చెక్క చూడలేదు. ఒక్కొక్క రేడియోకూ ఎడమవైపు నాబ్‌ను బొటనవేలితో తడుముతూ పోయింది.

“ప్రభువు గాయంలో వేలు పెడితేగానీ నమ్మని తోమాలా తయారయ్యావేంటక్కా?” అన్నాను. పాస్టర్ని కదా, బైబిలు వాక్యం నా నాలుక చివరే ఉంటుంది.

“నీ ప్రసంగం ఆదివారానికి దాచుకోరా!” అంది.

చివరి రేడియో దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. “అన్నీ నున్నగా ఉన్నాయేంటి బాబూ?”

“అన్నిటికీ కొత్త నాబ్‌లు వేయించానమ్మా,” అన్నాడు అధికారి సంబరంగా. “పాతవాటిలో ఒకదాన్నయితే ఎలకలు కొరికేశాయి. చెత్తలో పారేశాం.”

“ఎలకలు కాదు బాబూ,” అంది అక్క మెల్లగా. “నా కొడుకు బుజ్జిగాడికి అప్పుడప్పుడే పాలపళ్ళు వస్తున్నాయి. అవన్నీ రాకముందే పోయాడు.”

ప్రభువా, తోమాకు తడమడానికి గాయమైనా మిగిల్చావే!