అరగని చైను

చైను ఈ ఆదివారం కూడా కొత్తదానిలాగే ఉంది.

ఆమె సైకిల్‌ను గోడకు ఆనించి, దాని ముందు గొంతుక్కూర్చుంది. పాత గుడ్డతో చైనును పట్టుకుని పెడల్‌ను వెనక్కి తిప్పింది. పైన కాస్త దుమ్ము, అంతే. పోయిన ఆదివారం తను వేసిన నూనె చుక్కలు వేసినట్టే ఉన్నాయి.

ఆమె సైకిల్ మెకానిక్ కూతురు. పానాలతో ఆడుకుంటూ పెరిగింది. "వారానికో అరగంట సైకిల్‌కి ఇవ్వండి. మట్టి తుడవండి, చైనుకి నూనె వెయ్యండి, గాలి చూసుకోండి. ఇక నా కొట్టుకి వచ్చే పనుండదు," అని తండ్రి ప్రతి గిరాకీకీ చెప్పేవాడు. చైను ఎండిపోతే పక్కనున్న పళ్ళ చక్రాన్ని కూడా తినేస్తుందని, నాలుగు చుక్కల నూనెకి బద్ధకించినవాడు నాలుగు సామాన్లు కొనుక్కుంటాడని విడమరిచేవాడు. వచ్చే బేరాన్ని నోటితో తరిమేస్తున్నాడని తల్లి తల పట్టుకునేది.

ఈ సైకిల్‌ను కూడా ఆయనే అల్లుడి కోసం చక్రాల్లో ఒక్కో పుల్లా బిగించి తయారుచేశాడు. ఏడు నెలలైంది. ఆమె భర్త దాన్ని తీసుకుని రోజూ అచ్చాఫీసుకు వెళ్తాడు. రానూ పోనూ ఆరు కిలోమీటర్లు. అంత తిరిగితే వారానికల్లా గుడ్డ నల్లబడాలి. ఇక్కడ గుడ్డకి మసే అంటడం లేదు. బ్రేకు రబ్బర్లు చూసింది. గోరుతో గీస్తే కొత్త రబ్బరే.

టైర్లు మాత్రం అలా లేవు. కొత్త టైరుకుండే సన్నటి నూగు ఎప్పుడో పోయింది. గీతల నిండా గులకరాళ్ళు. తలపిన్నుతో ఒక్కొక్కటే తీస్తూ ఆగిపోయింది. అచ్చాఫీసుకి వెళ్ళేది తారు రోడ్డు. ఈ రాళ్ళు ఎక్కడివి?

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగింది.

"ఏవండీ, సైకిల్ ఎవరికైనా ఇస్తున్నారా?"

అతని చెయ్యి కంచంలోనే ఆగింది. "లేదే. ఏం?"

"చైను అరగడం లేదు."

"నువ్వంత బాగా చూసుకుంటుంటే ఎందుకరుగుతుంది?" అని నవ్వాడు. అతికించినట్టున్న నవ్వు.

ఇక ఆమెకు కాలు నిలవలేదు. సోమవారం పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మంగళవారం ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది. పావుగంట దారికి ఆయన గంట ముందే ఎందుకు బయల్దేరుతున్నట్టు? ఇంటి ముందు సందు ఇరుకు, పైగా మురుక్కాలువ మీది పలకలు విరిగిపోయి ఉంటాయి కనక అందరిలాగే ఆయనా మలుపు దాకా సైకిల్‌ను నడిపించుకునే పోతాడు. ఆ మలుపు తిరిగాక ఏం జరుగుతోందో ఆమెకు తెలీదు.

కొత్తలో ఒకసారి ముచ్చటపడి అడిగింది. "వెనక కూర్చోబెట్టుకుని బజారుకి తీసుకెళ్ళరూ?"

"బరువు పడితే చక్రం వంకరపోతుంది. మీ నాన్న చేసిన సైకిల్‌ని నా చేతులతో పాడుచెయ్యనా?" అన్నాడు. అప్పుడు తన తండ్రి పనికి ఎంత విలువిస్తున్నాడో అనుకుని పొంగిపోయింది. ఇప్పుడదే మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ కారియర్ ఎవరి కోసం ఖాళీగా ఉంచినట్టు?

బుధవారం ఆయన మలుపు తిరిగిన అయిదు నిమిషాలకు, ఆమె ఎదురింటి కుట్టుమిషన్ అక్క తలుపు తట్టింది.

"అక్కా, నీ సైకిల్ ఓసారి ఇస్తావా?"

"ఇంత పొద్దున్నే ఎక్కడికే?"

"మొన్న బ్రేకు బిగించాను కదా, ఎలా పడుతుందో చూసొస్తాను."

చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వెనక్కి చూడకుండా తొక్కింది. అచ్చాఫీసు దాకా తారు రోడ్డు తిన్నగా ఉంది. పాలవాళ్ళు కనిపించారు, బడిపిల్లలు కనిపించారు. ఆయన కనిపించలేదు. పన్నెండు నిమిషాల్లో గేటు దగ్గర దిగింది.

"మీ ఆయన ఇంకా రాలేదమ్మా," అన్నాడు వాచ్‌మన్. "ఎనిమిదికి రెండు నిమిషాల ముందు వస్తాడు. ఏనాడూ తప్పడు."

ఏడూ పదిహేడయింది. ఇంకా నలభై నిమిషాలు. గేటు నుంచి కరెంటు స్తంభం దాకా, స్తంభం నుంచి గేటు దాకా నడిచింది. తల్లికి ఏం చెప్పాలి, పెట్టె ఎప్పుడు సర్దుకోవాలి, అన్నీ ఆ నడకలోనే ఆలోచించేసింది.

ఎనిమిదికి రెండు నిమిషాలుందనగా, కాలవగట్టు వైపు సందులోంచి ఆయన వచ్చాడు. ఒక్కడే. కారియర్ మీద క్యారేజీ. వీపు మీద చొక్కా తడిసి ముద్దయింది. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. ఆమెను చూసి ఉన్నచోటే నిలబడిపోయాడు.

"పంక్చరా?" మెకానిక్ కూతురు కదా, ముందు ఆ మాటే వచ్చింది. వంగి రెండు టైర్లూ నొక్కింది. రాయిలా ఉన్నాయి.

"గాలి సరిగ్గానే ఉంది," అంటూ లేచింది. "ఇంతసేపూ ఎక్కడున్నారు?"

"ఎక్కడా లేను. గట్టు మీదుగా ఇంటి నుంచే వస్తున్నాను."

"పావుగంట దారికి గంటా? ఆ గట్టు మీద ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఎవరూ ఉండరనే అటు వస్తాను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా మీద ఒట్టు. నిజం చెప్పండి."

అతను వాచ్‌మన్ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "పెళ్ళిలో అంతమంది ముందు మీ నాన్న దీన్ని తెచ్చి చేతిలో పెట్టేసరికి నాకు నోరు పెగల్లేదు," అన్నాడు.

"నాకు సైకిల్ తొక్కడం రాదు."