ఒక నెయ్యి, రెండు ఒట్లు

“బావగారూ! ఈ ఫతీర్ తినకుండా లేచారంటే నా పెళ్ళాం నాకు తలాక్!”

హగ్గాగ్ అంత గట్టిగా అరిచి బల్ల గుద్దేసరికి గిన్నెలో చెరకు పాకం తుళ్ళింది. తలుపు చాటున నిలబడ్డ అతని పెళ్ళాం కరీమా కూడా తుళ్ళిపడింది.

ఎదురుగా కూర్చున్న వియ్యంకుడు బయూమి గుటక మింగాడు. మింగింది ఉమ్మి మాత్రమే. ఫతీర్ ఇంకా పళ్ళెంలోనే ఉంది. బండి చక్రమంత రొట్టె, పొర పొరకూ గేదె నెయ్యి, పక్కన గడ్డ మీగడ. పొయ్యిలోంచి అప్పుడే వచ్చి పొగలు కక్కుతోంది.

“డాక్టరు వద్దన్నాడు బావగారూ. కాలేయానికి కొవ్వు పట్టిందట. నెయ్యి, మీగడ, తీపి, తెల్ల రొట్టె అన్నీ బంద్. ఉడికించిన చిక్కుడు గింజలు, నిమ్మరసం, దోసకాయ. అంతే నా బతుకు!”

“కాలేయానికి పడితే పట్టనీండి, మనిషికి పట్టకూడదు గానీ! పిల్లనిచ్చిన ఇంట్లో నెయ్యి వద్దనడాన్నే మా ఊళ్ళో కొవ్వంటారు.”

ఆ మాటా నిజమే. నెయ్యి కాదంటే నెయ్యం పోతుంది, నెయ్యం పోతే వియ్యం పోతుంది. కానీ బయూమి గొంతుకు అడ్డం పడింది డాక్టరు కాదు. స్కాన్ కాగితం చూసి భార్య ఇన్సాఫ్ ఏడుస్తుంటే, ఊరుకోబెట్టడానికి పోయిన శుక్రవారం తనూ ఒక ఒట్టు వేశాడు: “ఇక నెయ్యి ముట్టుకున్నానంటే నువ్వు నాకు తలాక్!” అక్కడి మగాళ్ళకు ఒట్టు వేసేటప్పుడు ముందుగా గుర్తొచ్చేది పెళ్ళామే. ఆ పెళ్ళాం గుర్తొచ్చేది కూడా ఒట్టు వేసేటప్పుడే.

ఇప్పుడు తింటే తన కాపురం పోతుంది. తినకపోతే వియ్యంకుడి కాపురం పోతుంది. పళ్ళెంలో ఉన్నది ఒక్క ఫతీర్, దాని మీద రెండు పెళ్ళిళ్ళు.

“బావగారూ, మీకు దణ్ణం పెడతాను, ఆ ఒట్టు వెనక్కి తీసుకోండి.”

“తీసుకోవడానికి అదేమైనా చేబదులా?”

కరీమా తలమీది ముసుగు సర్దుకుంటూ ముందుకొచ్చింది. “అన్నయ్యగారూ, ఈ వయసులో మూట సర్దుకుని పుట్టింటికి పోలేను. నా కాపురం మీ నోట్లో ఉంది. నమలండి.”

బయూమి కళ్ళు మూసుకున్నాడు. ‘ఇన్సాఫ్, నన్ను క్షమించు’ అనుకుంటూ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

“బతికించారు” అంది కరీమా.

అక్కడితో ఆగితే సరిపోయేది. మొదటి ముక్క కరీమా కోసం తిన్నాడు. పోయిన కాపురం ఎలాగూ పోయింది, పాకంలో ముంచితే కొత్తగా పోయేదేముందని రెండోది తిన్నాడు. మూడోదాన్ని మీగడలో అద్దినప్పుడు ఎంత వెతికినా సాకు దొరకలేదు. సాకు లేకుండానే అది గొంతు దిగింది. చివరికి పళ్ళెం అడుగున నెయ్యిని వేలితో తుడుస్తుంటే హగ్గాగే భయపడి, “చాలు బావగారూ, ఒట్టు ఎప్పుడో తీరిపోయింది” అన్నాడు.

తమ ఊరు టాంటాకు తిరిగొచ్చే వ్యానులో బయూమి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తిన్నది అరుగుతోంది గానీ చేసింది అరగడం లేదు. మొగుడికి చప్పిడి కూడు పెట్టి తను ఎర్రగా వేయించుకు తినే రకం కాదు ఇన్సాఫ్. అతని పళ్ళెంలో నూనె చుక్క లేని రోజు నుంచీ ఆమె పళ్ళెంలోనూ లేదు. త్రేన్పు వచ్చినప్పుడల్లా అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

సందు మలుపు తిరగ్గానే ఇల్లు కనిపించింది. లోపల గిన్నెల చప్పుడు. ఆ గిన్నెల దగ్గరున్నది ఇంకా తన భార్యేనా? అది తేలేదాకా గడప దాటే మొహం లేదు. బయూమి వెనక్కి తిరిగి మసీదుకు నడిచాడు.

సాయంత్రపు అస్ర్ నమాజు అయిపోయి, మసీదు పెద్ద షేక్ సబ్రీ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. చుట్టూ ఊసుపోని జనం. బయూమి గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. అతని గొంతు తగ్గేకొద్దీ జనం దగ్గరికి జరిగారు.

అంతా విని షేక్ అడిగాడు. “ఆ ఒట్టు ఆమెను వదిలేద్దామని వేశావా, నెయ్యి వదిలేద్దామని వేశావా?”

“నెయ్యి వదలడానికే మౌలానా! ఆమెను వదిలి నేనెక్కడికి పోను?”

“అయితే నీ కాపురానికి ఢోకా లేదు. తప్పింది ఒట్టు. అందుకు పది మంది పేదలకు కడుపునిండా భోజనం పెట్టాలి.”

బయూమికి ప్రాణం లేచొచ్చింది గానీ తల లేవలేదు. “నిజం చెప్పేస్తాను మౌలానా. మొదటి ముక్కే వియ్యపురాలి కోసం. మిగతాదంతా నా కోసమే. నన్ను బతికించుకోవాలని ఇన్సాఫ్ నోరు కట్టుకుంది. నేను ఈ పూట నోరు తెరిచింది మళ్ళీ మూయలేదు. పది మందికీ నేనే వండిస్తాను. ఆమెకు మాత్రం తెలియనివ్వకండి.”

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గోడ దగ్గరి ముసలాయన అంగీ అంచుతో మూతి తుడుచుకుని పక్కకు తిరిగాడు.

“వండించక్కర్లేదు” అన్నాడు షేక్. “పది మందీ తినేశారు. ఇన్సాఫే గంప నెత్తిన పెట్టుకుని అన్నం, మాంసం తెచ్చి ఇక్కడే వడ్డించింది.”

“అప్పుడే ఎలా తెలిసింది మౌలానా? నేనింకా ఇంటికే పోలేదే! ఎప్పుడొచ్చింది?”

“పొద్దున.”

“పొద్దునా? నేను తిన్నది మధ్యాహ్నం కదా!”

షేక్ నవ్వు ఆపుకోలేకపోయాడు. “నేనూ అదే అడిగాను, ‘మీ ఆయన ఒట్టు ఎప్పుడు తప్పాడమ్మా?’ అని. ‘ఇంకా తప్పలేదు మౌలానా, వియ్యంకుడింటికి వెళ్ళడానికి అద్దం ముందు మీసం దువ్వుకుంటున్నాడు’ అంది.”