సున్నా దాకా

"ఆ మీట ఒత్తితివంటే ఈ ఫోన్ తీస్కపోయి బాయిల ఏస్త," అంది సమ్మమ్మ.

గట్టయ్య వేలు ఫోన్ మీదే ఆగింది. ఫోన్‌లో ఆడే సేద్యం ఆటలో ఎర్ర ట్రాక్టర్ మిలమిల మెరుస్తోంది. పక్కన 1,999 అని రాసి, దాన్ని కొట్టేసి, 199 అని మళ్లీ రాశాడు ఆ ఆట అమ్మేవాడు. కింద గడియారం ఉరుకుతోంది. ఇంకా ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు.

"రెండే మిగిలినయట. పరకాల రైతు ఇప్పుడే ఒకటి కొన్నడని చూపెడ్తాండు," అన్నాడు గట్టయ్య. సొంతానికి ట్రాక్టర్ లేని మనిషి. ఆటలో మాత్రం నలభై ఎకరాల ఆసామి.

"అవి ట్రాలీ కిరాయికని ఉంచిన పైసలయ్యా."

"ఈ ఒక్కసారే."

"పోయినసారి గూడ గదే అంటివి."

నర్సంపేటకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది వాళ్ల ఊరు. ఇంట్లో ముందు గది నిండా పత్తి, దూలాల దాకా. అందులో పట్టని పత్తి వాకిట్లో పరదా కింద ఉంది. పైన మబ్బు పొద్దున్నుంచీ కదలడం లేదు. కొనుగోలు కేంద్రంలో అమ్మాలంటే ఫలానా రోజు రమ్మని స్లాట్ పడాలి. స్లాట్ లేని ట్రాలీని గేటు దగ్గరే తిప్పి పంపిస్తారు. ఈలోపు తడిసిందంటే దళారి నోటికొచ్చిందే ధర, ఏడాది కష్టం మట్టిపాలు. పన్నెండు రోజుల కిందట కూతురు మహిత ఇదే ఫోన్‌లో పేరు ఎక్కించింది. స్లాట్ పడితే ఫోన్‌లోనే కనిపిస్తుందని, వెంటనే సరేనని ఒత్తాలని చెప్పింది కూడా. గట్టయ్య మాత్రం పోయినేడులాగే వ్యవసాయం సారు ఫోన్ చేసి పిలుస్తాడనే ధీమాలో ఉన్నాడు.

సుబేదారిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది మహిత. బస్సుకు పోదామని బ్యాగు తగిలించుకుని బయటికొచ్చి, ఇద్దర్నీ చూసి, వచ్చి మధ్యలో కూర్చుంది.

"ఒత్తకు బాపూ. నువ్వు గూడ లొల్లి పెట్టకమ్మా. ముగ్గురం కూసొని గడియారం సున్నా దాకా చూద్దాం."

"సున్నయితే పోతది గద బిడ్డా."

"పోనీ. ఏం పోతదో అదే చూద్దాం."

చూశారు. ఐదు నిమిషాలు మిగిలాయనగా 199 కాస్తా 149 అయింది. రెండు నిమిషాలు ఉందనగా ఫోన్ గజగజ వణికి, ఇదే చివరి అవకాశమని అరిచింది. ట్రాక్టర్ ఇంకొకటే మిగిలిందంది. గట్టయ్య వేలు మళ్లీ మీట దాకా పోయి వచ్చింది.

"ఫోన్ల బొమ్మ ఒకటే ఎట్ల మిగుల్తది బాపూ? మిగిలినయి గోదాంల దాచిండా?"

సమ్మమ్మ కిసుక్కున నవ్వింది. గట్టయ్యకు నవ్వు రాలేదు.

సున్నా పడింది. ట్రాక్టర్ మాయమైంది. గట్టయ్య ప్రాణం ఉసూరుమంది. మూడు సెకన్లు గడిచాయో లేదో, అదే ఎర్ర ట్రాక్టర్ మళ్లీ వచ్చి నిలబడింది. మీ కోసమే మరొక్క అవకాశం, 99 మాత్రమే అంది. గడియారం మళ్లీ పది నిమిషాల నుంచి మొదలైంది.

గట్టయ్య ఫోన్ అరుగు మీద పెట్టేశాడు. సిగ్గుతో ముఖం నల్లబడింది.

"గిట్లనే నాలుగు సార్లు కట్టిన బిడ్డా. నాలుగు సార్లు ఇదే ఆఖరనుకున్న."

"అయిందేదో అయింది. ఇగ నుంచి ఒక్కటే యాది పెట్టుకో. ఫోన్ల గడియారం ఉరికిందంటే అది మోసం. చదవకు. చదివితే మనసు గుంజుతది. బోర్లేసి పెట్టు. సున్నా అయినంక తియ్యి. ఏం కాదు."

"ఏం కాదు," అన్నాడు గట్టయ్య, పాఠం అప్పజెప్పినట్టు.

ఫోన్‌లోంచి ఆట తీసేస్తానని మహిత అంటే వద్దన్నాడు. "ఉండనీ. వాని సంగతి నేను చూస్త."

మహిత బస్సెక్కి పోయింది. మూడున్నరకు గాలి లేచింది. మొగుడూ పెళ్లాలు పరదా అంచుల మీద రాళ్లు పెట్టి వచ్చేసరికి, అరుగు మీద ఫోన్ గుర్రుమంటోంది. గట్టయ్య తీసి చూశాడు. గడియారం ఉరుకుతోంది. తొమ్మిది నిమిషాల యాభై సెకన్లు.

"ఇగో, మల్లొచ్చిండు," అన్నాడు. ఫోన్ బోర్లేశాడు.

సమ్మమ్మ చాయ్ తెచ్చింది. ఫోన్ ఇంకో మూడుసార్లు మూలిగింది. మూలిగినప్పుడల్లా గట్టయ్య మీసం కింద నవ్వుకున్నాడు. "ఏడ్వనీ," అంది సమ్మమ్మ, దాని మీద చెంబు పెట్టి. ఆమెకు కడుపు నిండినట్టుంది. ఈ మనిషి మాట మీద నిలబడగా చూసి ఎన్నాళ్లయిందో. ఉత్తరం దిక్కున ఉరిమింది. ఇద్దరూ చాయ్ తాగడం అయ్యాక ఫోన్ తిప్పి చూశారు. సున్నా. ఏమీ కాలేదు.

గట్టయ్య ఆగలేకపోయాడు. బిడ్డకు ఫోన్ కలిపాడు.

"గెలిచిన బిడ్డా. వాడు మల్లొచ్చి పది నిమిషాలు ఉరికిచ్చిండు. నేను కదల్లే."

"శెబాష్ బాపూ," అంది బస్సు మోతలోంచి మహిత. "ఈసారి ఏం అమ్మజూసిండు?"

"చదవకంటివి గద, చదవలే. జర కండ్లవడ్డది, అంతే." పరదా మీద చినుకులు టపటపమన్నాయి. గట్టయ్య గొంతు పెంచాడు. "గని ఈ దొంగ బాగ తెలివి మీరిండు బిడ్డా. ట్రాక్టర్ తీసేసి పత్తి బొమ్మ పెట్టిండు. నా పేరు, మన పట్టా పాస్‌బుక్ నంబరు, ఇరవై మూడు క్వింటాళ్లని సుత రాసిండు. ఇవన్ని వానికెట్ల తెలిసినయే?"